కలెక్టరంటే కాయండీ

మా ఊరి బడిలో పద్నాలుగు మంది పిల్లలు, రెండు గదులు, ఒక టీచరమ్మ, ఒక వంటమ్మ. ఈ అంకెలు నిజం. నన్నెరిగినవాళ్ళు నేను చెప్పే ఏ అంకెనైనా సగానికి విరిచి, ఆ సగంలో మళ్ళీ తరుగు తీసి నమ్ముతారు కాబట్టి ముందే చెబుతున్నాను. ఒకసారి మా మామిడితోటలో కనిపించిన పాము నేను ఇంటి గుమ్మం ఎక్కేసరికి ఏడడుగులైంది, కాఫీ పూర్తయ్యేసరికి పదడుగులైంది, సాయంత్రం టీకొట్టు దగ్గర దాని తల చిన్నరసం చెట్టు మీద, తోక పెద్దరసం చెట్టు మీద ఉంది. మా ఆవిడ కూడా ఆ పామును చూసింది. మూరెడు పసరిక పాము. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నా ఒక్క కథకూ సాక్ష్యం చెప్పలేదు.

ఈ అలవాటు వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదనే అనుకుంటూ వచ్చాను. యాభై దాటాక, ఆ బడి విషయంలో, ఆ నమ్మకం పోయింది.

తోటలకు పూత వచ్చిన రోజులు. మందు కొట్టిస్తూ గట్టు మీద నిలబడి ఉన్నాను. ఏటా కాయలు ఏరడానికి మా షెడ్డుకు వచ్చే ఒకావిడ, ఆ రోజు పని లేకపోయినా వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. భర్త లారీ మీద క్లీనరుగా పోయి నెలకోసారి ఇంటికొస్తాడు. ఈవిడే బడి తల్లిదండ్రుల కమిటీకి ఛైర్మన్. ఆ పదవికి పోటీ ఎంత తీవ్రంగా ఉందంటే, ఎన్నిక రోజున మిగతా తల్లులంతా ఒక్కసారే తలలు దించేసుకున్నారట. ఎత్తి ఉంచిన తల ఈవిడదొక్కటే.

"బాబుగారూ, ఒక కాయితం రాసిపెట్టాలండి."

"ఎవరి మీద?" అన్నాను. మా ఊళ్ళో కాయితం అంటే ఎవరో ఒకరి మీదే ఉంటుంది.

"ఎవరి మీదా కాదండి. బడి మంచిదని రాయాలండి."

బడి మంచిదని ఎవరైనా కాయితం రాయించుకోవడం వినడం అదే మొదటిసారి. సంగతేమిటో ఆవిడే చెప్పింది. పిల్లలు తక్కువున్న బళ్ళ లిస్టులో మాదీ ఉందట. పై జూన్ నుంచి మూడు, నాలుగు, ఐదు తరగతులను విస్సన్నపేట రోడ్డుకు అవతలున్న ఊరి పెద్దబడిలో కలిపేస్తారట. ముందుగా ఒక ఆఫీసరు వచ్చి చదువెలా ఉందో చూసి వెళ్తారట. బాగుంటే ఉంచొచ్చు, లేకపోతే లేదు.

"మా పిల్ల ఇప్పుడు రెండండి. వచ్చే ఏడు మూడు. కాయల రోజుల్లో నేను ఆరింటికల్లా తోటలో ఉండాలి, నాట్లప్పుడు ఇంకా ముందే పోవాలి. ఆ లారీల రోడ్డు పిల్ల ఒక్కతే ఎట్టా దాటుద్దండి? కలిపేస్తే ఇంక మానిపించి నా ఎనకాల తోటకి తీసుకుపోవడమేనండి."

ఆవిడ ఏడవలేదు. ధర చెప్పినట్టు చెప్పింది. అందుకని నాకు విషయం బరువు తెలియలేదేమో. నాకు తెలిసిందల్లా, నా చేతికి ఒక తెల్లకాయితం దొరికిందని.

రెండు గంటలు రాశాను. నాలుగు పేజీలు వచ్చాయి. ప్రకృతిమాత ఒడిలో, పచ్చని మామిడితోటల నడుమ, విద్యాసుగంధాలు వెదజల్లుతున్న మా పాఠశాల అని మొదలుపెట్టాను. పిల్లలు తమ తరగతివే కాదు, పై తరగతుల పుస్తకాలు కూడా అనర్గళంగా చదువుతారన్నాను. మధ్యాహ్న భోజనం వాసనకు దారిన పోయే బస్సులు నెమ్మదిస్తాయన్నాను. మరుగుదొడ్లు అద్దాల్లా మెరుస్తాయన్నాను. చివరికొచ్చేసరికి నా కలానికి పూనకం వచ్చి, "రేపటి జిల్లా కలెక్టర్లు నేడు ఇక్కడ పలకలు పట్టుకుని కూర్చున్నారు" అని ముగించాను.

ఇంత రాసినవాడిని, ఓటేసే రోజున తప్ప ఆ బడి గేటు ఎప్పుడూ దాటలేదు. అక్కడ నాకు తెలిసింది ఓటరు లిస్టు అంటించే గోడ ఒక్కటే. నా పిల్లలిద్దరినీ పసుపుపచ్చ వ్యాను నూజివీడు తీసుకుపోయి తీసుకొచ్చేది. బడి మంచిదో కాదో ఆ వ్యాను ఎక్కించినప్పుడే తేల్చేశాననీ, ఇప్పుడు దానికి ఎదురు సాక్ష్యం రాస్తున్నాననీ నాకు తట్టనే లేదు.

అరుగు మీద కూర్చోబెట్టి ఆవిడకు చదివి వినిపించాను. మొత్తం విని, అడిగింది:

"ఇదంతా మన బడేనాండి?"

"మరెవరిదనుకున్నావ్?"

"మరుగుదొడ్డికి తలుపు లేదుగాండి?"

"అద్దంలా మెరుస్తుందన్నాను. తలుపుందని ఎక్కడన్నా అన్నానా?"

లోపల్నుంచి మా ఆవిడ, "ఆఫీసరుగారు ఆ అద్దం చూసుకుని తల దువ్వుకుంటారు కాబోలు" అంది. నేను వినిపించుకోలేదు. కమిటీ ఛైర్మన్ కాయితం మీదకు వంగి, నాలుక పళ్ళ మధ్య నొక్కిపట్టి, ఒక్కో అక్షరం దిద్దుతూ సంతకం పెట్టింది. ఆ సంతకానికి నా నాలుగు పేజీలకు పట్టినంత సేపు పట్టిందని తర్వాత టీకొట్టులో చెప్పుకుని నవ్వుకున్నాను. నిజానికి రెండు నిమిషాలు.

ఆఫీసరు మార్చిలో వచ్చారు. పొద్దున్నే వచ్చేసిన నేను, ఊరి తరఫున స్వాగతం పలికే హోదా ఒకటి నాకు నేనే కట్టబెట్టుకుని, ఇస్త్రీ చొక్కాతో గేటు దగ్గర నిలబడ్డాను. ఆయనది మా వైపు కాదు. ఈ మధ్యే బదిలీ మీద వచ్చారు. సన్నగా, ఓపిగ్గా, నిద్ర చాలని మనిషిలా ఉన్నారు. చేతిలో ఫైలు, ఫైల్లో నా నాలుగు పేజీలు. ప్రతి పేజీలోనూ ఎర్ర ఇంకుతో గీతలు. నా రచనను అంత శ్రద్ధగా చదివిన పాఠకుడు నాకు అంతకుముందు లేడు.

"ఇది రాసింది మీరేనాండి?"

"భావం కమిటీదండి. భాష నాది."

"అయితే ముందు అద్దాలు చూపించండి" అన్నారు.

మరుగుదొడ్డికి తలుపు స్థానంలో ఒక ఫ్లెక్సీ వేలాడుతోంది. ఎవరో నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలు. ఆ నాయకుడు రెండు చేతులూ జోడించి, లోపలికి వెళ్ళే ప్రతి పిల్లకీ నమస్కారం పెడుతున్నాడు. ఆఫీసరు ఫైలు తెరిచి ఏదో రాసుకున్నారు. నేను కిసుక్కుమన్నాను. ఆయన నవ్వలేదు.

తర్వాత పిల్లల గదిలోకి వెళ్ళాం. పద్నాలుగు మందీ నేల మీద వరసగా కూర్చున్నారు. తలలకు నూనె, కళ్ళల్లో బెదురు. టీచరమ్మ చీర చెంగు పిడికిట్లో నలుపుతోంది. కిటికీ అవతల ఊచలు పట్టుకుని కమిటీ ఛైర్మన్ నిలబడి ఉంది. ఆవిడ కూతురు ముందు వరసలో ఉంది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, తల్లి గడ్డమే.

ఆఫీసరు మోకాళ్ళ మీద వంగి, మెత్తగానే అడిగారు. ఆ మెత్తదనం నాకు ఇప్పటికీ గుర్తే.

"మీ బళ్ళో కలెక్టర్లు తయారవుతున్నారని రాశారమ్మా. కలెక్టరంటే ఎవరో చెప్పు చూద్దాం?"

పిల్ల లేచి చేతులు కట్టుకుంది. దానికి బాగా తెలిసిన ప్రశ్న పడింది. మొహం వెలిగిపోయింది.

"కాయండీ."

"ఏంటి?"

"కాయండి. కింద ముక్కు ఉంటదండి. పచ్చిదే కోసి ఉప్పూకారం అద్దుకుంటే బాగుంటదండి. మిగిలినయ్యి లారీలో జ్యూసు ఫ్యాక్టరీకి ఎల్తయ్యండి."

మా వైపు కలెక్టరంటే కాయే. వేరే చోట్ల తోతాపురి అంటారు, బెంగళూరు అంటారు. మేము కలెక్టరు అంటాం. ఎందుకంటామో ఊళ్ళో ఎవరికీ తెలియదు, నాకు మాత్రం పదకొండు కారణాలు తెలుసు, అన్నీ నేను కల్పించినవే. తోటల్లో పెరిగే పిల్లకు మనిషి కలెక్టరు ఎప్పుడు కనిపిస్తాడు? కాయ కలెక్టరు మాత్రం ఏటా గుట్టలు గుట్టలుగా కనిపిస్తుంది. ఆ పిల్ల చెప్పింది ప్రతి అక్షరం సరైన జవాబు. నా కాయితంలో ఆ మాట లేకపోతే ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

కానీ నేను ఆ క్షణాన ఇవేమీ ఆలోచించలేదు. నవ్వాను. ఎలా నవ్వానంటే, గోడ మీది దేశపటం ఊగింది. ఇది మాత్రం పెంచి చెబుతున్నది కాదు, దాని కిందనే ఆనుకుని నిలబడ్డాను. నన్ను చూసి ఆఫీసరుగారి జీపు డ్రైవరు నవ్వాడు. వంటమ్మ నవ్వింది. పెద్దవాళ్ళు నవ్వుతుంటే నవ్వాలనుకుని పిల్లలు నవ్వారు. "లారీలో ఎల్తాడంట!" అంటూ నేను కళ్ళు తుడుచుకున్నాను.

ఆఫీసరు లేచి నిలబడ్డారు. టీచరమ్మ గబగబా కాయ సంగతి వివరించింది. ఆయన విన్నారు. "అర్థమైంది మేడం. అసలు కలెక్టరెవరో కూడా తెలిసుంటే బాగుండేది" అని, రెండో తరగతి వాచకం తీసి పిల్లకిచ్చి, "పోనీ ఇది చదువమ్మా" అన్నారు.

పిల్ల పుస్తకం పట్టుకుంది. దాని వైపు చూడలేదు. నా వైపు చూసింది. నేనింకా నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాను.

"నిన్న ఇదే పాఠం చదివావుగా నాన్నా" అంది టీచరమ్మ. ఇంకోసారి చెప్పింది. ఆఫీసరు పేజీ మార్చి, వేలితో చూపించి, తనే మొదటి మాట అందించారు. పిల్ల పెదాలు అతుక్కుపోయాయి. ఆయన పక్కపిల్లను అడిగారు. పక్కపిల్ల కూడా ముందు నా వైపే చూసింది. అక్కణ్ణుంచి పద్నాలుగు నోళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి మూతబడ్డాయి, ఎవరో వరసనే స్విచ్చులు ఆపుకుంటూ పోయినట్టు. కిటికీ దగ్గర ఊచలు పట్టుకున్న చేతులు మాత్రం నాకు కనిపించాయి. మొహం కనిపించలేదు.

ఆయన రాసుకెళ్ళింది రెండు వాక్యాలేనని తర్వాత టీచరమ్మ చెప్పింది. ఒకటి, పిల్లల చదువు సంతృప్తికరంగా లేదు. రెండు, దరఖాస్తులోని విషయాలు అతిశయోక్తులు. జీవితంలో నేను రాసినదాని మీద వచ్చిన సమీక్ష అదొక్కటే, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. కథ మరీ బాగుంది. సాయంత్రమే టీకొట్టులో చెప్పాను. మర్నాడు నూజివీడులో పురుగుమందుల కొట్టు దగ్గర చెప్పాను. హనుమాన్ జంక్షన్‌లో ఒక పెళ్ళికి వెళ్ళి, విస్తరి ముందు కూర్చుని చెప్పాను. పామును పెంచినట్టే దీన్నీ పెంచాను. మూడోసారికి ఆ పిల్ల ఆఫీసరుతో, "మీరు కలెక్టరా, బంగినపల్లా సార్?" అని అడిగింది. అయిదోసారికి ఆయన ముక్కు వంక చూసి మరీ అడిగింది. జనం పొట్టలు పట్టుకున్నారు. ఒకాయన నన్ను ఆపి, "బాబాయ్, ఆ కలెక్టరు కథ మా బావగారికి ఒకసారి చెప్పు" అని పక్క బంతికి తీసుకెళ్ళాడు. నేను వెళ్ళాను.

కోతలు మొదలయ్యాయి. బళ్ళకు ఒంటిపూట. పన్నెండున్నరకల్లా బడి వదిలితే పిల్ల అన్నం గిన్నెతో మా షెడ్డుకొచ్చి తల్లి పక్కన కూర్చునేది. అంతకుముందు ఏడు కూడా వచ్చేది. అప్పుడు నాకూ దానికీ ఒక ఆట ఉండేది. కళ్ళు మూసుకోమని కాయ ముక్కు దగ్గర పెడితే, వాసన చూసి రకం చెప్పేది. ఒక్కసారి కూడా తప్పలేదు. సగం రకాలు నేనే పొరబడతాను.

ఆ మధ్యాహ్నం పెద్దరసం ఒకటి తీసి, "ఏమే, ఇదేంటో చెప్పు?" అన్నాను.

పిల్ల ముందు తల్లి వైపు చూసింది. తర్వాత చుట్టూ ఏరుతున్న ఆడవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. తర్వాత అంది, "తెలీదండి."

బంగినపల్లి తీశాను. "తెలీదండి."

"ఓసి నీ... నిరుడు కళ్ళు మూసుకుని చెప్పేదానివిగా?"

"అడగమాకండి బాబుగారూ" అంది తల్లి. చేతులు ఆగలేదు, సొన తుడిచిన కాయ ట్రేలో పెడుతూనే ఉంది. "బళ్ళోనూ అంతేనంట. టీచరమ్మ అడిగితే ఎవరన్నా నవ్వుతున్నారేమోనని చుట్టూ చూసి, తెలీదంటదంట. ఈది పిల్లలు కలెక్టరూ, కలెక్టరూ అని పిలుస్తున్నారు. మీకు కథ దొరికింది. మా పిల్లకి మాట పోయింది."

నేను ఏదో ఒకటి అనబోయి, ఆ ఏదో ఒకటి హాస్యంలోకి పోతోందని పసిగట్టి, ఆపేశాను. నా నోరు మధ్యలో ఆగడం నాకే వింతగా ఉంది.

మర్నాడు పొద్దున బడికి వెళ్ళాను. టీచరమ్మ నన్ను చూసి బిత్తరపోయింది. "మళ్ళీ ఎవరన్నా వస్తున్నారాండీ?"

"ఎవరూ రావట్లేదమ్మా. నేనే చూద్దామని. వెనకాల కూర్చుంటాను."

"నవ్వకూడదు మరి" అంది. సరదాగా అనలేదు.

వెనక గోడకు ఆనుకుని బాసింపట్టు వేసుకుని బడి వదిలేదాకా కూర్చున్నాను. ఏ తోటకైనా ఇట్టే విలువ కట్టేసే మనిషిని. నాలుగు చెట్ల మధ్య నడిచి, తలెత్తి చూసి, ఎన్ని టన్నులు తెగుతుందో చెప్పేస్తాను. ఆ పూట మాత్రం నా అంచనా ఎటూ తెగలేదు. టీచరమ్మ ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ, అయిదో తరగతికి భాగహారం చెబుతూ, మధ్యలో ఫోను తీసి హాజరు ఫొటో, గుడ్ల ఫొటో, మరుగుదొడ్డి ఫొటో ఎక్కించింది. సిగ్నలు కోసం గేటు దాకా నాలుగుసార్లు నడిచింది. ఆ నడిచినంత సేపూ చదువు ఆగింది. ఇద్దరు పిల్లలకు అయిదో తరగతిలో కూడా తీసివేత రాదు. ఒకడు నిద్రపోయాడు. భోజనం బాగుంది, పప్పు పలచన.

టీచరమ్మ గేటు దగ్గర ఉన్నప్పుడు, ఎర్ర రిబ్బన్ల పిల్ల లేచి వరండాలోకి వెళ్ళింది. స్తంభం వెనక ఒకటో తరగతి పిల్లలు ముగ్గుర్ని కూర్చోబెట్టుకుంది. రెండో తరగతి వాచకం ఒళ్ళో పెట్టుకుని, వేలు కదుపుతూ, వాళ్ళకు మాత్రమే వినబడేంత గొంతుతో కథ చదివి చెప్పడం మొదలుపెట్టింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను కాబట్టి విన్నాను. అనర్గళంగా ఏమీ కాదు. ఒత్తుల దగ్గర ఆగుతోంది. ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ చదివి దాటుతోంది. ఒక చిన్నది, "ఎలకలు నిజంగా మాట్టాడతయ్యా?" అని అడిగితే, "పుస్తకంలో మాట్టాడతయ్యి" అంది.

తల తిప్పితే నేను కనిపిస్తానని భయమేసి, ఊపిరి కూడా చిన్నగా పీల్చాను.

బడి వదిలాక అడిగాను. "అయితే అమ్మా, ఈ బడి మంచిదా కాదా?"

టీచరమ్మ తాళం వేస్తూ అంది: "మీరు గ్రేడింగు అడుగుతున్నారండీ. నాకది తెలీదు. ఏ పిల్లకి అని అడగండి, చెబుతాను. ఆ ఎర్ర రిబ్బన్ల పిల్ల పోయిన ఏడు దసరాకి వచ్చింది, అక్షరం రాదు. ఇప్పుడు తన వాచకం చదువుద్ది. తీసివేత రాని ఆ ఇద్దరికీ నేనేమీ చెయ్యలేకపోయాను. రెండూ ఈ బడే."

"ఈ మాట ఆఫీసరుగారికి చెప్పలేదే?"

"మీ కాయితం చదివాక ఆయనకి ఈ మాట చిన్నదిగా వినబడిందండీ" అంది.

ఇంకో కాయితం రాయనా అని నేనే షెడ్డులో కమిటీ ఛైర్మన్‌ను అడిగాను. ఆవిడ నన్ను పైకీ కిందికీ చూసింది.

"మళ్ళీ మీరేనాండి?"

"నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఒక్క అక్షరం కలపను."

"కలపకుండా ఉండగలరా?"

పక్కనున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఆ నవ్వు నాకు తగిందే.

అన్నాలు తిన్నాక, ఖాళీ ట్రే ఒకటి బోర్లించి బల్లగా పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని చెప్పింది.

"మా బళ్ళో పద్నాలుగు మంది ఉన్నారు, రాయండి. మరుగుదొడ్డికి తలుపు లేదు, రాయండి."

"అది రాస్తే..."

"లేదుగాండి? లేదని రాయండి. టీచరమ్మ మీటింగులకెళ్ళిన రోజు బడి ఉండదు. పప్పు నీళ్ళగా ఉంటది, గుడ్డు ఇస్తారు. మా పిల్ల బడికెళ్ళనని ఎప్పుడూ ఏడవలేదు. ఇంటికొచ్చి బోర్డులన్నీ చదువుద్ది, మందు డబ్బాల మీద కూడా. నాకు వేలిముద్ర పోయి సంతకం వచ్చింది, అది మా పిల్లే నేర్పింది. ఆ రోజు సారు అడిగితే చదవలేదు. భయపడింది. ఇంకోసారి వచ్చి, ఎవరూ లేకుండా, కూర్చుని అడగండి. పెద్దబడి చెడ్డదని మేం అనట్లేదు. రోడ్డు దాటడం మా వల్ల కాదు."

"అంతేనండి" అంది.

నా వేళ్ళు దురద పెట్టాయి. 'మందు డబ్బాల మీద కూడా' అన్నచోట నా కలం దానంతటదే ఒక విశేషణం వైపు దూకబోయింది. పట్టి లాగాను. ముప్పావు పేజీ వచ్చింది. నేను చూస్తుండగానే ఆవిడ మళ్ళీ వంగి సంతకం దిద్దింది. పిల్ల తల్లి భుజం మీంచి తొంగిచూసి, ఏమీ అనకుండా, ఒక చోట వేలు పెట్టింది. తల్లి అక్కడ ఒత్తు దిద్దుకుంది.

ఇద్దరం ఆటోలో నూజివీడు ఆఫీసుకు వెళ్ళాం. ఆఫీసరు నిలబడే చదివారు. రెండోసారి కూర్చుని చదివారు. ఎర్ర ఇంకు తియ్యలేదు.

"ఇది కూడా మీరేనాండి?" అన్నారు నాతో.

"చేతిరాతే నాదండి."

"మొదట్లోనే ఇది ఇచ్చుంటే బాగుండేదమ్మా" అన్నారు ఆవిడతో. "లిస్టు పైకి వెళ్ళిపోయింది. దీన్నీ పంపిస్తాను. ఏమవుతుందో చెప్పలేను." చెప్పలేనన్న మనిషి మీద తనకు నమ్మకం కలిగిందని ఆవిడ దారిలో అంది. నేను ఆటో రేకు చూస్తూ కూర్చున్నాను.

జూన్ వచ్చింది. జవాబు రాలేదు. బళ్ళు తెరిచారు. ఒకటి, రెండు తరగతులు ఇక్కడ, మూడు నుంచి అవతల.

ఆ పొద్దున విస్సన్నపేట రోడ్డు దగ్గర బండి మీద పోతుంటే తల్లీకూతుళ్ళు కనిపించారు. ఆఖరి కోత కాయల లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. బండి ఆపాను.

"రోజూ నేను దించుతానమ్మాయ్. నాకేం పని పొద్దున్నే?" అన్నాను. నిజంగానే అన్నాను.

"మీరంటారనే దాన్ని ముందే అడిగానండి" అంది. "మీ బండెక్కనంది. నాట్లు మొదలయ్యేదాకా నేనే దించుతాను. తర్వాత సంగతి తర్వాత." రోడ్డవతల కనిపిస్తున్న రంగుల ప్రహరీ వైపు చూస్తూ అడిగింది, "బాగుంటదాండీ ఆ బడి?"

నా నోట్లోకి ఎన్ని వాక్యాలు వచ్చాయో చెప్పలేను. భవనం, మైదానం, తరగతికో టీచరు, ఇంగ్లీషు, బల్లలు. అన్నీ వరసగా నిలబడ్డాయి. పిల్ల తల్లి కొంగు పట్టుకుని నా నోటి వంక చూస్తోంది.

"తెలీదమ్మాయ్" అన్నాను. "నేను చూళ్ళేదు."

ఆవిడ నా మొహం పరీక్షగా చూసింది. "అయితే రండి, చూద్దురుగాని. లోపల మాత్రం మాట్టాడమాకండి."

బండికి స్టాండు వేశాను. పిల్ల నాకు దూరంగా, తల్లికి అవతలి పక్కకు మారి చెయ్యి పట్టుకుంది. ఒక లారీ వెళ్ళింది, వెనకే ఇంకోటి. మూడోది దాటాక కాస్త సందు దొరికింది. ముగ్గురం రోడ్డు దాటాం.